రెక్క మీద నంబరు

ముందు నీడ కనిపించింది, ఆ తర్వాతే పక్షి. మేం అమెరికాలో గ్రాండ్ కాన్యన్ అనే పెద్ద లోయ దక్షిణపు అంచున రాతి గోడకు ఆనుకుని కిందికి చూస్తున్నాం, లోపల ఎర్ర బండల మీదుగా ఒక నల్లని మరక మెల్లగా జారుతూ పోతోంది, మా మనవరాలు "తాతా, విమానం నీడ" అంది. విమానం నీడైతే తిరిగి తిరిగి అదే బండ మీదికి రాదు కదా. నేను తల ఎత్తి వెతుకుతున్నాను గానీ పక్షి పైన లేదు, మా పాదాలకంటే కింద ఉంది. లోయలో వేడెక్కిన గాలిని పట్టుకుని చుట్లు చుట్లుగా లేచి లేచి, రెక్క ఒక్కసారి కూడా కొట్టకుండా మా ఎదురుగా వచ్చి, మా ఇంటి గేటుకూ వీధి దీపం స్తంభానికీ ఉన్నంత దూరంలో సాగిపోయింది. ఈకల్లోంచి గాలి కోసుకుపోయే చప్పుడు వినిపించింది, కొత్త గుడ్డ చించినట్టు. తల మీద ఈకలు లేవు, నారింజ రంగు చర్మం. రెక్కల కింద తెల్లటి పట్టీ. రెక్క మీద ఒక బిళ్ల, ఆ బిళ్ల మీద నంబరు.

ఆ నంబరు చూసి నేను కదల్లేకపోయాను. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

నేను పశుసంవర్ధక శాఖలో 33 ఏళ్లు పనిచేశాను, 1987లో చేరి 2020లో దిగిపోయాను. డాక్టరును కాదు, డాక్టరు కింద అసిస్టెంటును, కానీ అచ్చంపేట, లింగాల, అమ్రాబాద్ వైపు ఊళ్లలో గొడ్ల డాక్టరు సారు అనే పిలిచేవాళ్లు, ఇప్పటికీ అలాగే పిలుస్తారు. సర్వీసు చివర్లో ఆవులకూ బర్రెలకూ చెవులకు పసుపు బిళ్లలు వేసేవాళ్లం, 12 అంకెల నంబరుతో. వేలల్లో వేసి ఉంటాను. బిళ్ల వేశామంటే ఆ పశువు లెక్కలో ఉన్నట్టు, దానికి ఏ టీకా ఎప్పుడు పడిందో ఎవరో ఒకరు రాసి పెడుతున్నట్టు. ఆకాశంలో తిరిగే పక్షికి, అదీ కళేబరాలు తినే పక్షికి, అలాంటి బిళ్ల ఉండడం నేను అంతకుముందు చూడలేదు.

అది కాలిఫోర్నియా కాండార్. మన రాబందుకు రక్తసంబంధం దూరమే గానీ చేసే పని ఒకటే. రెక్కలు చాపితే తొమ్మిదిన్నర అడుగులు.

దాని సంగతికి మళ్లీ వస్తాను. ముందు అది బతుకుతున్న చోటు గురించి చెప్పకపోతే కుదరదు, ఎందుకంటే ఆ లోయ గురించి ఎవరైనా చెప్పేది రాళ్ల గురించే, రంగుల గురించే. నాకు మాత్రం నాలుగు రోజులూ అక్కడి ప్రాణుల మీదే ధ్యాస.

మా బిడ్డ, అల్లుడు ఫీనిక్స్‌లో ఉంటారు. మే నెలలో మేం వెళ్లినప్పటికే అక్కడ ఎండలు మన పాలమూరు ఎండల్లా ఉన్నాయి. పొద్దున్నే కారులో బయల్దేరాం. ఊరు దాటగానే సగ్వారో అనే కాక్టస్ చెట్లు, తాటిచెట్లలా నిటారుగా, చేతులు ఎత్తినట్టు కొమ్మలతో గుట్టల నిండా ఉన్నాయి. రోడ్డు ఎక్కుతూ ఎక్కుతూ పోయేసరికి అవి ఒక్కటీ లేకుండా పోయాయి, గడ్డి వచ్చింది, గడ్డి పోయి పొట్టి జూనిపర్ చెట్లు వచ్చాయి, ఫ్లాగ్‌స్టాఫ్ చేరేసరికి చుట్టూ ఎత్తైన పైన్ చెట్లు, చలి. ఎడారిలో బయల్దేరి రెండున్నర గంటల్లో చలి అడవిలో దిగాం. మా ఆవిడ శాలువా తీసి కప్పుకుంది. ఆ ఊరు సముద్ర మట్టానికి దాదాపు 7,000 అడుగుల ఎత్తున ఉంది, అంతే, వేరే కారణం లేదు.

హార్ట్ మెరియం అనే ఆయన 1889లో ఆ ఊరి పక్కన ఉన్న కొండల్లోనూ ఈ లోయలోనూ తిరిగి, ఎత్తు మారితే చెట్టూ జంతువూ ఎలా పట్టీలు పట్టీలుగా మారతాయో రాశాడు. ఉత్తరానికి వేల మైళ్లు పోతే కనిపించే మార్పు ఒకే కొండ ఎక్కితే కనిపిస్తుందని. మన్ననూరు ఘాటు ఎక్కినవాళ్లకు ఈ మాట కొత్తేమీ కాదు. కింద అచ్చంపేటలో ఉక్క, పైన ఫరహాబాద్ దగ్గర ఒంటికి తగిలే గాలి వేరు, చెట్టు వేరు. ఇక్కడ మనది కొద్దిపాటి తేడా, అక్కడ అంచు నుంచి నది దాకా ఒక మైలు లోతు, కాబట్టి నాలుగైదు రుతువులు ఒకే రోజున ఒకే గోడ మీద వేలాడుతుంటాయి. వెయ్యి అడుగులు దిగితే మన లెక్కలో మూడు డిగ్రీల వేడి పెరుగుతుంది. దక్షిణపు అంచున ఏడాదికి పదహారు అంగుళాల వాన, అడుగున అందులో సగం. పైన చలికి పైన్ చెట్లు, కొంచెం కిందికి జూనిపర్, పిన్యన్ అనే పొట్టి పైన్, ఇంకా కిందికి పొదలు, అట్టడుగున ముళ్లూ కాక్టస్సులూ, మళ్లీ నది ఒడ్డున పచ్చగా విల్లో చెట్లు.

మేం బ్రైట్ ఏంజెల్ బాట మీద ఒక గంట కిందికి దిగాం. నా మోకాళ్లకు అంతకంటే ఎక్కువ వద్దని మా బిడ్డ పట్టుబట్టింది. దిగేటప్పుడు అరగంటకోసారి ఒక్కో చొక్కా గుండీ విప్పుకున్నాను. బాట పక్కన అగేవ్ అనే మొక్క, మన కలబందను పది రెట్లు పెద్దది చేసినట్టు ఉంది, దాని నడుమ నుంచి నా ఎత్తుకు రెండింతలు ఉన్న ఒక పూకాడ లేచి ఉంది. మన దగ్గర పొలం గట్ల మీద కంచెకు వేసే కిత్తనార జాతే. పదిహేను, ఇరవై ఏళ్లు ఆకులు మాత్రమే వేసుకుంటూ కూర్చుని ఒకే ఒక్కసారి పూస్తుంది, పూసి చచ్చిపోతుంది. ఆ ఒక్క ఏడాది దాని చుట్టూ తేనెటీగలు, తుమ్మెదలు, గబ్బిలాలు అన్నీ చేరతాయి. పక్కనే ఇంకొకటి పోయిన ఏడాదిదో అంతకుముందుదో ఎండి నిలబడి ఉంది, దాని కాడలో ఏదో పురుగు తొలిచిన రంధ్రం, రంధ్రం చుట్టూ రంపపు పొట్టు లాంటి పొడి. చచ్చాక కూడా ఇల్లే అది.

బాట తప్పి నడవొద్దని ఎక్కడికక్కడ బోర్డులు. నేను మొదట మనుషులు జారి పడతారని అనుకున్నాను. అది ఒకటీ నిజమే, ఇంకొకటి నేల. అక్కడ పొదల మధ్య ఖాళీ నేల మీద నల్లగా, గరుకుగా, కాల్చిన పెంకులా ఒక పొర ఉంటుంది. దగ్గరగా కూర్చుని చూస్తే చిన్న చిన్న గోపురాలు లేచి ఉన్నాయి, గోరంత ఎత్తున. అది ప్రాణమున్న పొర. కంటికి కనిపించని సూక్ష్మజీవులు, నాచు, లైకెన్ కలిసి మట్టిని దారాలతో కుట్టినట్టు పట్టి ఉంచుతాయి, గాలికి కొట్టుకుపోనివ్వవు, నేలకు నత్రజని ఇస్తాయి. ఒక్క అడుగు పడితే పగిలిపోతుంది, మళ్లీ కట్టడానికి ఏళ్లు, కొన్నిచోట్ల దశాబ్దాలు. మృగశిర కార్తెకు మన ఎర్ర చెలకల మీద తొలి వానల తర్వాత పచ్చని పొర పట్టడం చూస్తాం కదా, దానికి వానాకాలం చాలు. ఇక్కడ అంత వానే లేదు. అందుకే అది పగిలితే నాకు అంత దిగులు అనిపించింది, పక్కనే ఎవరిదో బూటు గుర్తు ఉంది మరి.

అంచు దగ్గర పైన్ చెట్ల కింద మా మనవరాలు ఒక ఉడుతను పట్టుకుని కదల్లేదు, అంటే చూపుతో పట్టుకుని. చెవుల కొసన కుచ్చులు, బూడిద రంగు ఒళ్లు. దీన్ని ఆబర్ట్ ఉడుత అంటారు. ఎదుటి అంచున, అంటే ఉత్తరపు గడ్డ మీద దీని దాయాది ఉంటుంది, కైబాబ్ ఉడుత, దాని పొట్ట నలుపు, తోక తెల్లగా వెన్నలా. మధ్యలో లోయ, ఆకాశంలో గీత గీస్తే పదిమైళ్లు. పైన్ చెట్టు లేకుండా ఈ ఉడుత బతకదు, లోయ అడుగున పైన్ చెట్టు లేదు, కాబట్టి అది దిగలేదు, ఇది ఎక్కలేదు, వేల ఏళ్లుగా విడిపోయిన అన్నదమ్ముల్లా రెండు రంగులు అయ్యాయి. పైన్ వేళ్లను అంటిపెట్టుకుని నేలలో ఒక రకం పుట్టగొడుగు పెరుగుతుంది, వేళ్లకు నీరూ ఉప్పులూ అందించేది అదే, ఉడుత దాన్ని తవ్వి తిని దాని విత్తును అడవంతా పంచుతుంది. చెట్టు ఉడుతకు తిండి పెడుతుంది, ఉడుత చెట్టుకు చుట్టం చేసి పెడుతుంది. నల్లమలలో ఎలుగుబంటి ఇప్పపూలు, తునికిపండ్లు తిని చేసే పని ఇదే.

ఉత్తరపు గడ్డ మీద ఇంకో సంగతి జరిగింది, మన పులుల గురించి మాట్లాడేవాళ్లు తెలుసుకోవాల్సినది. 1906లో అక్కడ జింకల కోసమని రక్షిత ప్రాంతం చేసి, జింకల్ని తినే కొండసింహాలను వందల్లో, నక్కలాంటి కొయోట్‌లను వేలల్లో చంపించారు. జింకలు ఇష్టం వచ్చినట్టు పెరిగాయి, మొక్కా మోడూ నమిలేశాయి, 1920ల నడుమ ఆకలికి కుప్పలుగా చచ్చాయి. కారణాలు ఇంకా ఉన్నాయని తర్వాతి వాళ్లు వాదించారు, అది సరే, పచ్చి కొమ్మ అందక చచ్చిన జింక మాత్రం నిజం. అమ్రాబాద్‌లో పులి ఎందుకు, మనిషికి ఏం లాభం అని నన్ను ఊళ్లలో ఎంతమంది అడిగారో.

నీళ్ల సంగతి. అంచున నిలబడి కుళాయి తిప్పి సీసా నింపుకుంటాం, ఆ నీళ్లు ఎక్కడివో తెలుసా? ఎదుటి గడ్డ మీద కురిసిన మంచు, వాన సున్నపురాతి పగుళ్లలోకి ఇంకి, వేల అడుగులు కిందికి దిగి, లోయ గోడలోంచి రోరింగ్ స్ప్రింగ్స్ అనే ఊటగా బయటికి దూకుతుంది, అక్కడి నుంచి లోయను దాటుకుని పన్నెండు మైళ్ల పైపులో ఇటు వస్తుంది. ఇలాంటి ఊటలు గోడల్లో చాలా ఉన్నాయి. ఊట ఉన్న చోట గోడకు పచ్చటి గుడ్డ ఆరేసినట్టు ఫెర్న్ మొక్కలు వేలాడతాయి. మా నల్లమలలోని సలేశ్వరం చూసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. చైత్ర పున్నమికి ఆ లొద్దిలోకి దిగినప్పుడు చుట్టూ అడవి ఎండి కరకరమంటుంటే ఆ గుండం దగ్గర మాత్రం బండలు చెమ్మగా, నాచుపట్టి, చల్లగా ఉంటాయి. ఎండాకాలంలో అడవి మొత్తం ప్రాణం ఆ నాలుగు చెమ్మలోనే దాచుకుని ఉంటుంది. గ్రాండ్ కాన్యన్‌లో కూడా అంతే, ఊటలు ఉన్న చోటు కొలిస్తే నేలలో చిటికెడు, అక్కడ బతికే ప్రాణులు లెక్కకు రానన్ని.

అయితే నది మారిపోయింది. కొలరాడో అంటే స్పానిష్‌లో ఎర్రనిది. ఒకప్పుడు బురదతో, వేసవిలో గోరువెచ్చగా పారేదట. 1963లో ఎగువన గ్లెన్ కాన్యన్ డ్యాం గేట్లు మూశారు. అప్పటి నుంచి ఒండ్రు డ్యాం వెనక ఆగిపోయింది, అడుగు నుంచి వదిలే నీళ్లు ఏడాది పొడవునా చల్లగా, అద్దంలా తేటగా వచ్చాయి. తేట నీళ్లు మంచివే కదా అనుకుంటాం. బురదలో బతకడానికి పుట్టిన చేపలకు అవి మంచివి కావు. వీపు మీద గూని ఉన్న చబ్ అనే చేప, కొలరాడో, దాని ఉపనదుల్లో తప్ప వేరెక్కడా లేనిది, వెచ్చగా బురదగా వచ్చే లిటిల్ కొలరాడో అనే ఉపనది కలిసే చోట ఎక్కువగా దాక్కుని బతికింది. ఇసుక ఒడ్డులు కరిగిపోతుంటే 1996 నుంచి అప్పుడప్పుడు డ్యాం నుంచి కావాలని వరద వదిలి ఇసుకను మళ్లీ ఒడ్డుకు ఎక్కిస్తున్నారు. చబ్ కొంచెం కోలుకుని 2021లో అంతరించే జాబితా నుంచి ఒక మెట్టు దిగింది. ఆ వెంటనే ఇంకో చిక్కు: రిజర్వాయర్‌లో నీళ్లు తగ్గి, పైన ఉండే వెచ్చని నీళ్లు తూముల దాకా వచ్చి, వాటితోపాటు బయటి నుంచి తెచ్చిపెట్టిన బాస్ చేపలు 2022లో కిందికి జారి నదిలో పిల్లలు పెట్టాయి. ఒకటి సర్దితే ఒకటి ఊడుతుంది, అయినా వాళ్లు వదిలిపెట్టలేదు, రోజూ నీటి వేడి కొలుస్తూనే ఉన్నారు. మన కృష్ణ నల్లమల లోయలో శ్రీశైలం డ్యాం దాటీ దాటగానే సాగర్ వెనక నీళ్లలో కలిసిపోతుంది. గేట్లు ఎత్తితే చూడ్డానికి లక్షల మందిమి పోతాం. ఆ గేట్ల కింద ఏ చేప ఉండేదో, ఏది పోయిందో మాత్రం మన మాటల్లోకి రాదు, ఈగలపెంట, దోమలపెంట వైపు వలేసేవాళ్లను అడిగితే తప్ప.

ఇంకొకటి కూడా నన్ను ఆపేసింది. ఆ లోయ చుట్టూ ఉన్న నేల కింద యురేనియం ఉంది. కొత్త గనులు రాకుండా 2012లో దాదాపు పది లక్షల ఎకరాలకు ఇరవై ఏళ్ల నిషేధం పెట్టారు, 2023లో అక్కడి తెగలు అడిగిన పేరుతోనే ఆ నేలను జాతీయ స్మారక ప్రాంతం చేశారు. లోయలోనే పుట్టి పెరిగిన హవాసుపాయి తెగను పార్కు కోసం తరిమేసి, 1975లో కొంత భూమి తిరిగి ఇచ్చారు. చదువుతుంటే అమ్రాబాద్, పదర వైపు యురేనియం తవ్వుతారన్న 2019 నాటి మాట, చెంచుల గూడేలైన పెంటలు, వద్దని అసెంబ్లీలో చేసిన తీర్మానం అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకు వచ్చాయి. ఇంత దూరం వచ్చి మా మండలం కథే చదివాను.

ఇక పక్షి.

మనవరాలు బైనాక్యులర్స్‌లో అంకెలు చదివింది, అల్లుడు ఫోన్లో వెతికాడు. ప్రతి నంబరుకూ ఒక పుట ఉంది. మేం చూసింది ఆడది, ఏ ఏడాది పుట్టిందో, ఎక్కడ గుడ్డు పొదిగారో, ఎప్పుడు వదిలారో, అన్నీ. నేను ఆ రాత్రి గదిలో కూర్చుని బిడ్డతో చదివించుకుంటూ వీటి కథంతా విన్నాను. 1982 నాటికి లోకం మొత్తం మీద మిగిలినవి 22. వాటిని వదిలేస్తే అవీ పోతాయని అడవిలో ఉన్న ఆఖరి పక్షి దాకా పట్టి తెచ్చారు, 1987లో, అంటే నేను ఉద్యోగంలో చేరిన ఏడే. అప్పటికి మొత్తం 27. అడవిలో ఒక్కటీ లేదు. ఇది రెండేళ్లకు ఒక గుడ్డు పెట్టే పక్షి, ఆరేడేళ్లకు గానీ ఈడుకు రాదు. గుడ్డు తీసేస్తే ఇంకోటి పెడుతుందని కనిపెట్టి, మొదటిది మిషన్‌లో పొదిగించారు. పిల్లకు మనిషి అలవాటు కాకూడదని, తల్లి తల ఆకారంలో తోలుబొమ్మ చేసి, చేతికి తొడుక్కుని దాంతో తినిపించారు. మన తోలుబొమ్మలాటలాగే, తెర వెనక మనిషి కనిపించకుండా. 1996 డిసెంబరులో ఆరు పక్షులను ఈ లోయకు ఉత్తరాన వెర్మిలియన్ క్లిఫ్స్ దగ్గర వదిలారు. ఆ లోయ గుహల్లో వీటి పదివేల ఏళ్ల నాటి ఎముకలు దొరికాయి, కాబట్టి కొత్త చోటు కాదు, పుట్టింటికే వచ్చాయి. 2003లో అక్కడి అడవిలోనే పొదిగిన మొదటి పిల్ల ఎగిరింది. ఇప్పుడు మొత్తం అయిదు వందలు దాటాయి, సగానికి పైగా బయటే ఉన్నాయి.

అయినా ఇప్పటికీ వాటిని ఎక్కువగా చంపేది ఒక్కటే, సీసం. వేటగాడు జింకను తూటాతో కొడతాడు, పేగులు అక్కడే పడేసి పోతాడు, తూటా లోపల పగిలి ఇసుకరేణువంత ముక్కలై మాంసంలో కలిసిపోతుంది. కాండార్ అది తింటుంది. అందుకే ఏటా ఆ పక్షుల్ని పట్టి రక్తం తీసి చూసి, సీసం ఎక్కువుంటే మందిచ్చి దాన్ని బయటికి లాగి, మళ్లీ వదులుతారు. సీసం లేని తూటాలు వాడమని వేటగాళ్లను బతిమాలతారు, అరిజోనాలో 2005 నుంచి వాటిని ఉచితంగా ఇస్తున్నారు, ఎక్కువమంది తీసుకుంటున్నారు కూడా. 2023లో బర్డ్ ఫ్లూ వచ్చి ఆ మందలో 21 చచ్చిపోతే, మిగిలిన కాండార్లను కాపాడుకోవడానికి టీకాలు వేయడం మొదలుపెట్టారు.

బిడ్డ చదువుతూ ఉంది, నాకు మాత్రం మధ్యలో ఒక మాట దగ్గర చెవులు ఆగిపోయాయి. మాంసంలో మిగిలిన మందు. ఆమె సీసం అనే చదివింది. నాకు మందు అని వినిపించింది.

మా చిన్నప్పుడు గొడ్డు చస్తే ఊరి బయట వాగు గడ్డన దిబ్బ మీద పడేసేవాళ్లు. చర్మం ఒలిచి తీసుకెళ్లాక ఒక గంటలోపు ఆకాశంలో మొదట ఒకటి, తర్వాత పది, చూస్తుండగా యాభై రాబందులు దిగేవి. కొట్లాడుకుంటూ, రెక్కలు విప్పుకుని గెంతుతూ, రెండు పూటల్లో తెల్లటి బొక్కలు మిగిల్చేవి. కొన్నాళ్లకు బొక్కలు ఏరుకునేవాళ్లు బండి కట్టుకుని వచ్చి తీసుకుపోయేవాళ్లు. వాసన లేదు, ఈగ లేదు, కుక్కలు ఇన్ని లేవు. మా నాయిన వాటిని తిట్టేవాడు కాదు, పిల్లలం రాళ్లు వేస్తే మమ్మల్నే తిట్టేవాడు.

1990లలో డైక్లోఫెనాక్ సూది పశువులకు వచ్చింది. మాకు అది వరంలా తోచింది. జ్వరం, కుంటుడు, పొదుగువాపు, ఏదైనా సరే, సూది వేస్తే సాయంత్రానికి పశువు లేచి కుడితి తాగేది. రైతు మొహంలో వెలుగు చూసి నాకు ఎంత సంతోషంగా ఉండేదో. లింగాల దగ్గర ఒక ముసలాయన ఎద్దు, లేవలేక రెండు రోజులు పడి ఉంటే నేనే పోయి వేశాను, లేచింది, రెండోసారి పడిపోయినప్పుడు మళ్లీ వేశాను, ఆ రాత్రి చచ్చిపోయింది. మర్నాడు వేరే పని మీద అటు పోతూ దిబ్బ మీద రాబందులు దిగి ఉండడం చూశాను. అప్పుడు అది మామూలు దృశ్యం, తల తిప్పి కూడా చూడాల్సిన పని లేదు. ఆ నెలలోనే, అక్కడే వాగు దగ్గర మద్దిచెట్టు మీద రెండు రాబందులు మెడలు కిందికి వేలాడేసి కూర్చుని ఉన్నాయి, కోడి తెగులు వచ్చినప్పుడు కూర్చున్నట్టు. పొద్దున చూశాను, సాయంత్రం వచ్చేటప్పుడూ అలాగే ఉన్నాయి. నేను సైకిల్ ఆపలేదు.

ఆ మందు రాబందు మూత్రపిండాలను పాడు చేస్తుంది. యూరిక్ ఆమ్లం బయటికి పోక, లోపలి అవయవాలకు సున్నం పూసినట్టు తెల్లగా పేరుకుంటుంది, రోజుల్లో చచ్చిపోతుంది. ఇది 2004లో పాకిస్తాన్‌లో చేసిన పరిశోధనతో బయటపడింది. వంద కళేబరాల్లో ఒకదాంట్లో కూడా మందు ఉండక్కర్లేదు, అంతకంటే తక్కువ ఉన్నా చాలు మందలు కూలిపోవడానికి, ఎందుకంటే ఒక్క కళేబరం మీద యాభై దిగుతాయి. 1992 నుంచి 2007 లోపు మన దేశంలో తెల్లవీపు రాబందులు వెయ్యికి ఒకటి మిగిలాయి. పొడుగుముక్కు రాబందులు వందకు మూడు. 2006లో పశువులకు ఆ మందు వాడొద్దని కాగితం వచ్చింది, మా ఆఫీసులో ఫైలు మీద చదివాను, కారణం ఒక్క లైనులో ఉంది. ఆ రోజు అనుకున్నాను, మన వైపు రాబందును చూసి ఎన్నేళ్లయిందని. లెక్కపెడితే ఏడెనిమిదేళ్లు. పోతున్నప్పుడు మాకెవరికీ తెలియలేదు.

ఏ పశువుకు వేసిన సూది ఏ పక్షిని చంపిందో ఎవరూ చెప్పలేరు. కానీ వేసిన చేతుల్లో నా చేయి ఉంది. ఇది ఇరవై ఏళ్లుగా నా లోపల ఉన్న మాట, ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి బిడ్డకు చెప్పాను. "నీకు తెలియదు కదా నాయినా" అంది. నిజమే, తెలియదు. అక్కడి వేటగాళ్లకూ తెలియదు, తెలిశాక తూటా మార్చారు.

మనవాళ్లూ ఊరుకోలేదు, అది కూడా చెప్పాలి. హర్యానాలోని పింజోర్‌లో రాబందుల్ని పెంచే కేంద్రం పెట్టారు, మన హైదరాబాద్ జూలో కూడా పెంచుతున్నారు. మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాల్ని పశువులకు వాడుతున్నారని 2015లో సూది మందు 3 మిల్లీలీటర్లకు మించి సీసాలో అమ్మకూడదన్నారు. 2023లో ఎసిక్లోఫెనాక్, కీటోప్రోఫెన్ కూడా పశువులకు ఆపేశారు. మెలాక్సికామ్ అని ఒక మందు ఉంది, నొప్పికీ జ్వరానికీ బాగా పనిచేస్తుంది, రాబందుకు హాని చేయదు. ధర కూడా అందుబాటులోనే ఉంది. మన రాష్ట్రంలో ఉత్తరాన బెజ్జూరు అడవిలో ప్రాణహిత పక్కన బండల మీద పొడుగుముక్కు రాబందులు 2013లో కనిపించాయి, అంటే బండ ఉండి, తిండి శుభ్రంగా ఉంటే అవి ఉంటాయి.

ఇంటికి వచ్చాక నేను చేసిన మొదటి పని మందుల షాపులకు తిరగడం. అచ్చంపేటలో, లింగాలలో, కొల్లాపూర్ వైపు, నాకు తెలిసిన, ఊళ్లలో పశువులు చూసే గోపాలమిత్రల దగ్గరకు పోయి ఏం వాడుతున్నావ్ బిడ్డా అని అడిగాను. కొందరు మెలాక్సికామే వాడుతున్నారు, సంతోషం. ఒకరిద్దరి సంచుల్లో వాడకూడనిది కనిపించింది, కోప్పడలేదు, కూర్చోబెట్టి నా మద్దిచెట్టు సంగతి చెప్పాను. పశువులు ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే ఒక్క మాట: సూది వేయించేటప్పుడు మందు పేరు అడగండి, డైక్లో, ఎసిక్లో, కీటో అంటే వద్దు, మెలాక్సికామ్ వేయమనండి. అలాంటి సూది పడి పశువు చచ్చిపోతే బయట పడేయకుండా లోతుగా పూడ్చండి. అచ్చంపేట, అమ్రాబాద్, దేవరకొండ, చందంపేట వైపు ఎవరైనా పెద్ద పక్షిని చూస్తే తోక చూడండి: మన మామూలు గద్దకు తోక చీలి ఉంటుంది, రాబందుకు తోక పొట్టిగా, రెక్కలు పలకల్లా వెడల్పుగా, కొసలు వేళ్లలా విడివిడిగా ఉంటాయి, గిరికీలు కొడుతుందే గానీ రెక్క ఆడించదు. ఫోటో తీసి తేదీ, చోటు రాసిపెట్టండి.

ఆగస్టులో దోమలపెంట దగ్గర ఆక్టోపస్ వ్యూ పాయింట్‌కు పోయాను. కృష్ణ అక్కడ గుట్టల చుట్టూ చేతులు చాపినట్టు తిరుగుతుంది, ఎదుటి ఒడ్డున నిటారు బండలు. బిడ్డ ఇచ్చిన బైనాక్యులర్స్‌తో రెండు గంటలు కూర్చున్నాను. ఒక పాముల గద్ద అరుచుకుంటూ పోయింది. రాబందు ఏదీ రాలేదు. కానీ ఎదుటి బండ మీద, పై నుంచి మూడో పగులు దగ్గర, సున్నం ఒలికినట్టు ఒక తెల్లటి చార ఉంది. పక్షులు ఏళ్ల తరబడి ఒకే చోట కూర్చుంటే రెట్ట అలాగే చారలు కడుతుంది, డేగ కూర్చున్నా కడుతుంది, పాతదైనా వాన కడిగేదాకా ఉంటుంది. సాయంత్రం ఎండ సూటిగా కళ్లలో పడుతోంది, ఎంత చూసినా తేలలేదు. పొడుగుముక్కు రాబందులు గూళ్లు పెట్టేది చలికాలంలో. డిసెంబరులో మళ్లీ పోతాను, మన్ననూరు చెక్‌పోస్ట్ పొద్దున 6 గంటలకు గేటు తీయగానే, వెలుతురు ఆ బండ మీద పడే వేళకు అక్కడ ఉండేలా.